విలియమ్స్ వారి బిన్ కార్డు

(ఆదివారం సాయంత్రం. రాజ్యలక్ష్మి హాల్లో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆర్టీసీ డిపో స్టోర్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ప్రసాదరావు రిమోట్ మూత బిగిస్తున్నాడు.)

ప్రసాదరావు: హమ్మయ్య! ఎలాగో ఒక మంచి సెల్లు సంపాదించి వేశాను. ఫార్ములా వన్ కార్ల రేసు ఆరున్నరకి. (గోడవైపు చూసి) ఇంకా ఆరూ పదే. టీవీ అప్పుడే ఎందుకులే, కరెంటు దండగ.

రాజ్యం: ఆ విలియమ్స్ జట్టు బళ్ళ కోసమేనా ఈ హైరానా? ఎప్పుడు చూసినా వెనకాలే ఈడుస్తూ ఉంటాయి.

ప్రసాదరావు: వెనకాలా? 2025లో ఐదో స్థానం, 137 పాయింట్లు. తొమ్మిది జట్టు టైటిళ్ళు కొట్టిన ఇల్లే అది! 1992 నుంచి 1997 దాకా ఆరేళ్ళలో ఐదు.

రాజ్యం: 1997 తర్వాత ఎన్ని?

ప్రసాదరావు: తర్వాత... అదీ...

రాజ్యం: మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి.

ప్రసాదరావు: నీకేం తెలుసే ఆ 1992 బండి గొప్పతనం! ఎఫ్‌డబ్ల్యూ14బి. మామూలు స్ప్రింగుల పని హైడ్రాలిక్స్‌కి అప్పజెప్పారు. బ్రేకు వేసినా ముక్కు వంగదు, మలుపు తిరిగినా పక్కకి ఒరగదు. నేలకీ బండి అడుగుకీ మధ్య సందు కంప్యూటర్ చూసుకునేది. ఆ సందు మారకపోతే కింద గాలి ఒక్కతీరుగా లాగుతుంది, టైర్లు రోడ్డుని కరుచుకుంటాయి. 16 రేసుల్లో మా డ్రైవర్ మాన్సెల్ ఒక్కడే 9 గెలిచాడు.

రాజ్యం: గెలిచాక నెత్తిన పెట్టుకున్నారా?

ప్రసాదరావు: (గొంతు తగ్గించి) మరుసటి ఏడు అమెరికా వెళ్ళిపోయాడు. ప్రోస్ట్ అనే ఇంకో డ్రైవర్ని తెస్తున్నారని.

రాజ్యం: ఆ ప్రోస్ట్?

ప్రసాదరావు: 1993లో ఛాంపియన్ అయ్యాడు. సెన్నా వస్తున్నాడని రిటైరయ్యాడు. 1996లో డేమన్ హిల్... టైటిల్ గెలవకముందే తీసేస్తున్నామని చెప్పేశారు.

రాజ్యం: బాగుంది సంబడం! పండగ పూట కూడా కోడలి చేత పిండివంటలన్నీ చేయించి, విస్తట్లో కూర్చోకముందే పుట్టింటికి తోలే అత్తగారి సంసారం.

ప్రసాదరావు: డ్రైవర్లు పోతే కొత్తవాళ్ళు వస్తారు. అసలు దెబ్బ న్యూయీ. ఆ బళ్ళ రూపం గీసింది అతనే. కంపెనీలో వాటా కావాలన్నాడు, నిర్ణయాల్లో మాట కావాలన్నాడు. ఫ్రాంక్ విలియమ్స్, పాట్రిక్ హెడ్ ఒప్పుకోలేదు. 1977లో డిడ్‌కాట్‌లో పాత తివాచీల గోడౌన్‌లో ఇద్దరే మొదలుపెట్టిన జట్టాయె. బిడ్డని పంచుకోమన్నట్టు ఉంటుంది వాళ్ళకి.

రాజ్యం: పంచలేదు సరే. అతనేం చేశాడు?

ప్రసాదరావు: మెక్‌లారెన్ జట్టుకి వెళ్ళాడు. 1998లో టైటిల్ వాళ్ళకే.

రాజ్యం: చేతిలో ఉన్న వంటవాణ్ణి పక్కపెళ్ళికి పంపి, మన పెళ్ళిలో ఉప్మాతో సరిపెట్టారన్నమాట. అక్కడితో బుద్ధొచ్చిందా?

ప్రసాదరావు: 2000లో బీఎండబ్ల్యూ ఇంజన్ వచ్చింది, కొన్నేళ్ళు బాగానే పోట్లాడాం. వాళ్ళు జట్టునే కొంటామన్నారు.

రాజ్యం: ఈయన ఇవ్వనన్నాడు.

ప్రసాదరావు: నీకెలా తెలుసు?

రాజ్యం: మా నాన్న మామిడితోట అమ్మనన్నప్పుడు చూశాగా ఆ మొహం. తర్వాత?

ప్రసాదరావు: వాళ్ళు వెళ్ళి సౌబర్ జట్టుని కొనుక్కున్నారు. ఆఖరి గెలుపు 2012 స్పెయిన్‌లో, మాల్డొనాడో. ఆ సంబరంలో ఉండగానే గ్యారేజీకి నిప్పంటుకుంది. 2013లో ఫ్రాంక్ కూతురు క్లెయిర్ జట్టుకి డిప్యూటీ ప్రిన్సిపల్ అయింది. మెర్సిడెస్ ఇంజన్ పుణ్యమా అని 2014, 2015లో మూడో స్థానం! ఆ తర్వాత జారుడుబల్లే. 2018లో 7 పాయింట్లు. 2019లో బార్సిలోనా టెస్టింగ్ మొదలైన రెండున్నర రోజులకి గాని బండి రాలేదు. టెక్నికల్ చీఫ్ పాడీ సెలవు మీద వెళ్ళిపోయాడు. ఆ ఏడాదంతా కలిపి ఒకే పాయింటు.

రాజ్యం: అదైనా కష్టార్జితమేనా?

ప్రసాదరావు: జర్మనీలో ముందున్న ఇద్దరికి పెనాల్టీ పడితే వచ్చింది. మరుసటి ఏడు అదీ లేదు. 2020లో డోరిల్టన్ అనే అమెరికా కంపెనీకి అమ్మేశారు. కుటుంబం బయటికి వచ్చేసింది. ఆ మీదట జట్టు పెద్దగా రాబర్ట్స్ వచ్చాడు, పోయాడు. కాపిటో వచ్చాడు, పోయాడు. 2023లో మెర్సిడెస్ నుంచి వోల్స్ వచ్చి లోపలికి తొంగిచూస్తే, బండికి సంబంధించిన 20,000 దాకా విడిభాగాల లెక్క ఒక ఎక్సెల్ షీట్‌లో ఉందట!

(చిక్కుడుకాయ చేతిలోంచి జారుతుంది.)

రాజ్యం: ఎక్సెల్లోనా? బిన్ కార్డు లేదా?

ప్రసాదరావు: ఏం కార్డు?

రాజ్యం: స్టోర్స్‌లో ప్రతి అరకీ వేలాడే కార్డండీ! పార్టు నంబరు, ఎప్పుడు ఎన్ని వచ్చాయి, ఎవరు ఎన్ని తీసుకున్నారు, మిగిలినవి ఎన్ని, ఎన్నికి దిగితే మళ్ళీ ఆర్డరు పెట్టాలి. ఆర్డరు పెడితే ఎన్నాళ్ళకొస్తుందో కూడా తెలియాలి. ఉత్త పేర్ల జాబితా ఏం చేసుకోను, దండకం చదువుకోనా?

ప్రసాదరావు: సరిగ్గా అదే గొడవ! ముందు రెక్క ఒకటి కావాలంటే సుమారు 400 ముక్కలు కలవాలి. ఏది తయారైంది, ఏది ఎక్కడుంది, ఎంతవుతుంది, ఆ షీట్ చెప్పదు.

రాజ్యం: 399 వచ్చి ఒక్క బ్రాకెట్ రాకపోతే రెక్క లేనట్టే. ఆ ఒక్కదాని కోసం పరుగులు పెడతారు, అర్జంటు పనికి రేటు ఎక్కువ, దాన్ని ముందుకి నెడితే ఇంకోటి వెనకబడుతుంది. బ్రేక్ డ్రమ్ములున్నాయి, లైనింగులు లేవు, బస్సు షెడ్డులో. నాకు కొత్తా?

ప్రసాదరావు: పైగా పద్ధతి మార్చే హడావిడిలో 2024 బండి ఆలస్యమైంది. ఆస్ట్రేలియాకి స్పేరుగా ఉండాల్సిన మూడో ఛాసిస్ లేకుండానే వెళ్ళారు. శుక్రవారం ప్రాక్టీసులో ఆల్బన్ గోడకి కొట్టాడు. కార్బన్ ఫైబర్ తొట్టి అది, ఇంగ్లండులో గ్రోవ్‌లో ఉన్న ఫ్యాక్టరీకి వెళ్తే తప్ప బాగవదు. ఇక చేసేదేముంది, రెండో డ్రైవర్ సార్జెంట్ దగ్గర బండి లాక్కుని ఆల్బన్‌కి ఇచ్చారు.

రాజ్యం: అయ్యో, ఆ పిల్లాడు?

ప్రసాదరావు: గ్యారేజీలో నిలబడి చూశాడు.

రాజ్యం: పోనీ ఆ ఆల్బన్ అయినా పాయింట్లు తెచ్చాడా?

ప్రసాదరావు: పదకొండో స్థానం.

రాజ్యం: పాయింట్లు ఎంతమందికి?

ప్రసాదరావు: పదిమందికి.

(రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.)

ప్రసాదరావు: నవ్వకు. ఇప్పుడు లెక్కలన్నీ కొత్తగా రాసుకుంటున్నారు. 2025లో సైన్జ్ బాకూలో మూడో స్థానం తెచ్చాడు, తెలుసా? ఇవాళ చూడు మావాడి స్టార్ట్! (గోడవైపు చూసి) ఆరూ పది. బోలెడు టైముంది.

రాజ్యం: ఇందాకా పదేగా?

ప్రసాదరావు: ఊఁ?

రాజ్యం: పాలబ్బాయి వచ్చి వెళ్ళాడు. వాడొచ్చేది ఏడింటికి. అవునూ, రిమోట్‌లో సెల్లు ఎక్కడిదండీ?

(ప్రసాదరావు గడియారం వైపు చూస్తాడు. రిమోట్ వైపు చూస్తాడు.)

ప్రసాదరావు: స్టార్ట్ అయిపోయిందే! సెల్లు తీసిన సంగతి గుర్తు చేయొద్దూ?

రాజ్యం: తీసినవాళ్ళు కార్డు మీద రాయాలండీ.