రెండు పాయింట్ల తేడా పట్టేసిన రేటింగ్ జాబితా గారికి

మహారాజశ్రీ చదరంగం ఇంజిన్ల రేటింగ్ జాబితా గారి దివ్య సముఖానికి,

నమస్కారాలు. ఈ ఉదయం తమరు కొత్త లెక్కలు ప్రకటించి, మా ఇంజిన్‌ను, అదే చదరంగం ఆడే మా ప్రోగ్రామ్‌ను, మూడు మెట్లు కిందికి దించారు. సంతోషం. దాని కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అది కొత్తగా ఆడిన ఆట కూడా లేదు. ఎవరో ఎవరితోనో ఆడారు, తమరు మొత్తం లెక్క మళ్లీ కట్టారు, మాకు రెండు పాయింట్లు తగ్గాయి. అక్షరాలా రెండు!

తమరి పట్టికలోనే రేటింగ్ పక్కన, భూతద్దం పెడితే తప్ప కనిపించని గడిలో, ±15 అని ఉంది. మా ఇంజిన్ అసలు బలం చూపిన అంకెకు పదిహేను పైనా ఉండవచ్చు, పదిహేను కిందా ఉండవచ్చు అని తమరే ఒప్పుకుంటున్నారన్నమాట. మరి ఎడమ పక్కన లావుపాటి అక్షరాలతో ఆ వరస సంఖ్యలు ఎందుకు? కుడిచేత్తో ‘నాకు తెలియదు’ అని రాస్తూ ఎడమచేత్తో తీర్పు చెప్పడం తమరికే చెల్లింది. గజం బద్దతో వెంట్రుక మందం కొలిచి, ఎవరి వెంట్రుక సన్నమో పోటీ పెట్టినట్టుంది.

లెక్క తమరికి తెలియనిది కాదు. వెయ్యి ఆటలు ఆడించి, వాటిలో సగం డ్రా అయితే, అనిశ్చితి ±15 దగ్గర ఆగుతుంది. దాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్లు ఆటలు ఆడించాలి. ఇద్దరు సమఉజ్జీల మధ్య రెండు పాయింట్ల తేడా నిజమేనని నమ్మాలంటే యాభై వేల పైచిలుకు కావాలి. పేరుమోసిన ఇంజిన్ స్టాక్‌ఫిష్ బృందం తన కోడ్‌లో ఒక చిన్న మార్పును పరీక్షించడానికే వేలకు వేలు, ఒక్కోసారి లక్ష దాటి ఆడిస్తుంది. తమరు మాత్రం వెయ్యి ఆటలతో మూడు మెట్లు దించేశారు.

అసలు ఆ ±15 అయినా పూర్తి నిజమా? అది కేవలం అదృష్టం లెక్క. ఆటలు సక్రమంగా జరిగాయని నమ్మి వేసిన లెక్క. తమరు బయటపెట్టిన పాత ఆటల ఫైలు తెరిచి చూశాను. ఒక ఆటలో మావి నల్లపావులు. మాకు ఒక ఏనుగు ఎక్కువ, అవతలి రాజు మూలన ఇరుక్కున్నాడు. 61వ ఎత్తు పక్కన మా ఇంజిన్ రాసుకున్న అంచనా: ఇంకో ఆరు ఎత్తుల్లో ఆటకట్టు. 62వ ఎత్తు లేదు. దాని స్థానంలో ఒక్క ముక్క: సమయం మించింది, నల్లపావులకు ఓటమి. ఎనిమిది కోర్ల కంప్యూటర్‌లో ఎనిమిది ఆటలు ఒకేసారి నడిపిస్తూ, దాని మీదే ఇంకో పని కూడా పెట్టుకుంటే, ఇంజిన్‌కు తన వంతు సమయం ఎక్కడ దొరుకుతుంది? గెలిచే ఆటకు సున్నా వేశారు. ఆ సున్నా తమరి ±15లో ఏ మూల ఉందో చూపించగలరా?

మిగతా సంగతులు ఎత్తితే తెల్లవారుతుంది. సమానమైన ఓపెనింగ్‌లు, అంటే ఆట ఆరంభపు ఎత్తులు, ఇస్తే పెద్ద ఇంజిన్లన్నీ డ్రా చేసుకుంటాయని, ఒక పక్కకు మొగ్గిన స్థితుల నుంచి మొదలుపెట్టి, రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తున్నారు. బాగుంది. కానీ ఎంత మొగ్గాలో ఎవరు చెప్పారు? ఆ ఆరంభ స్థితుల పుస్తకం మారిస్తే రేటింగుల మధ్య దూరాలే మారిపోతాయి. ఇక పై వరసలో ఆ 3600 ఒకటి. 2014లో మనుషుల్లో మేటి ఆటగాడు మాగ్నస్ కార్ల్‌సన్ అందుకున్న 2882 రేటింగ్‌తో దాన్ని పోల్చి మురిసిపోయేవాళ్లకు, ఈ రెండు అంకెలూ వేరువేరు గుంపుల్లో పుట్టాయని ఎప్పుడైనా చెప్పారా?

2017 డిసెంబరులో డీప్‌మైండ్ వాళ్ల ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో స్టాక్‌ఫిష్‌తో 100 ఆటల్లో 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడలేదని ప్రకటించినప్పుడు మనమంతా ఏమని అరిచాం? స్టాక్‌ఫిష్‌కు లెక్కలు గుర్తుపెట్టుకునే హాష్ మెమరీ 1 జీబీయే ఏమిటి, ఎత్తుకు నిమిషమని కట్టేయడం ఏమిటి, ఓపెనింగ్ బుక్ ఏది అని. 2018లో వాళ్లు షరతులు మార్చి వెయ్యి ఆటలు ఆడించిన ఫలితాలు చూపారు: 155 గెలుపులు, 6 ఓటములు, మిగతావి డ్రా. 2011లో ఇతరుల కోడ్ వాడిందంటూ రిబ్కా అనే ఇంజిన్ టైటిళ్లు లాగేసుకున్నవాళ్లు కూడా కారణాలు కాగితం మీద పెట్టారు, ఏళ్ల తరబడి పోట్లాడుకోవడానికైనా పనికొచ్చాయి. నేను ఆ సమయం మించిన ఆట గురించి రాస్తే తమరి నుంచి వచ్చిన జవాబు: ‘అందరికీ ఒకే నియమం.’

ఇక తమరూ లేదు, గిమరూ లేదు. ఒకే నియమమట! ఉక్కిరిబిక్కిరైన కంప్యూటర్ అందరినీ ఒకేలా ముంచుతుందా? తక్కువ సమయం మిగుల్చుకుని లోతుగా ఆలోచించే ఇంజిన్ మునుగుతుంది, ముందే చేతులు కడుక్కునేది తేలుతుంది. ఇది నీకు తెలుసు. తెలిసీ వరస సంఖ్యలు వేస్తావు, ఎందుకంటే జనం చూసేది ఆ ఒక్క గడినే. ± హద్దులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే ఇంజిన్లన్నిటికీ ఒకే స్థానం ఇచ్చి చూడు, నీ పేజీకి వచ్చేవాళ్లు ఎందరు మిగులుతారో!

నీకు దీని వల్ల పైసా రాదని తెలుసు. రాత్రింబవళ్లు తిరిగే ఫ్యాన్లకు కరెంటు బిల్లు కట్టేది నువ్వే. నువ్వు లేకపోతే మాలో ప్రతివాడూ తన పాత వెర్షన్‌ను చితకబాది, వంద పాయింట్లు పెరిగామని చాటింపు వేసుకుంటాడు. నీ గుమ్మం తొక్కాకే ఆ వంద కాస్తా కరిగి అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఇంకా నీతో మాట్లాడుతున్నాను.

ఆ ఆట తీసేయి. తిప్పి మాకు గెలుపు రాసినా వచ్చేది ఒక్క పాయింటు లోపే, మూడు మెట్లలో ఒక్క మెట్టు కూడా ఎక్కం. అయినా తీసేయి.

ఇట్లు,
ఆరు ఎత్తుల్లో గెలవాల్సిన నల్లపావుల తరఫున