డీ డ్రైవ్‌లో పెడితే ఫోటోలకు చావే లేదట!

ఈమధ్య మా చుట్టాల గ్రూపులో, కాలేజీ దోస్తుల గ్రూపులో, ఆఖరికి హనుమకొండలో మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గ్రూపులో కూడా విండోస్ కంప్యూటర్ల గురించి ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "సీ డ్రైవ్‌లో ఉన్న ఫోటోలు ఎప్పటికైనా పోతాయి. యూజర్స్ ఫోల్డర్ మొత్తం కట్ చేసి డీ డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. స్పీడ్ డబుల్ అవుతుంది, వైరస్ అంటదు, ఇక బ్యాకప్ అక్కర్లేదు."

స్పీడ్ సంగతి: సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే కొంచెం ఊపిరాడుతుంది, అంతే. సీ ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్), డీ పాత హార్డ్‌డిస్క్ అయితే ఫోటోలు ఇంకా మెల్లగా తెరుచుకుంటాయి.

వైరస్ సంగతి: ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, సీ, డీ అని చూడదు. చేతికందిన ప్రతి డ్రైవ్‌లోనూ ఫైళ్లకు తాళం వేస్తుంది. గుచ్చి మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌ను కూడా వదలదు.

యూజర్స్ ఫోల్డర్ మొత్తం కట్ చేయమనడం మాత్రం శుద్ధ తప్పు. అందులో ఉండేవి ఫోటోలే కావు. యాప్‌డేటా అని దాచి ఉంచిన ఫోల్డర్ ఉంటుంది. బ్రౌజర్ పాస్‌వర్డులు, ప్రోగ్రాముల సెట్టింగులు అన్నీ అందులోనే. పైగా మీరు లాగిన్ అయి ఉండగా కొన్ని ఫైళ్లు వాడకంలో ఉంటాయి, కదలవు. సగం అక్కడ, సగం ఇక్కడ. తర్వాత "అన్నా, డెస్క్‌టాప్ ఖాళీగా వస్తోంది" అని ఫోన్లు.

ఇక అసలు ప్రమాదం: "బ్యాకప్ అక్కర్లేదు". ఇది రాసిన మహానుభావుడు ఒక్కసారి స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఉంటే బాగుండేది. కింద డిస్క్ 0 అని ఒక వరుస ఉంటుంది. చాలామంది సిస్టమ్‌లలో సీ, డీ రెండూ అదే వరుసలో పక్కపక్కనే కనిపిస్తాయి. అంటే డిస్క్ ఒక్కటే, మధ్యలో గీత గీశారు. బీరువాలో పై అరలోని నగలు కింది అరలోకి మార్చి, ఇక దొంగల భయం లేదన్నట్టుంది ఈ సలహా. డిస్క్ పాడైతే రెండూ పోతాయి. ల్యాప్‌టాప్ కాజీపేట స్టేషన్‌లో ఎవడైనా ఎత్తుకుపోతే, "డీ డ్రైవ్ ఇచ్చి పో తమ్ముడూ" అని వాడి వెనకాల పరుగెత్తాలి కాబోలు! అక్క పెళ్లి వీడియో, 2024 మేడారం జాతర ఫోటోలు, నాన్న గొంతున్న రికార్డింగులు విడిగా ఇంకో డిస్క్‌లోకి కాపీ కావాలి. కట్ కాదు, కాపీ. ఆ డిస్క్‌ను పని కాగానే పీకి బీరువాలో పెట్టాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన పెళ్లి వీడియో అందులోకి ఎక్కదు, అది చూసుకోండి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మెసేజ్‌లో మొదటి వాక్యం పూర్తిగా అబద్ధం కాదు. విండోస్ మొరాయించిందని రిపేరు షాపుకు తీసుకెళితే చాలాచోట్ల అడగకుండానే సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టేస్తారు. డీలో ఉన్నవి ఆ గండం గట్టెక్కుతాయి. కాబట్టి మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పద్ధతిగా మార్చుకోండి.

పిక్చర్స్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్. పాత ఫైళ్లను కూడా తరలించాలా అని అడుగుతుంది, యెస్ కొట్టండి. వీడియోస్, డాక్యుమెంట్స్‌కూ ఇంతే. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజీ) ఆ ఫోల్డర్లను బ్యాకప్ చేస్తుంటే ముందు దాన్ని ఆపండి. ఒక్కో దానికి డీలో విడివిడిగా కొత్త ఫోల్డర్ చేసి అదే చూపించాలి. నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే ఆ డ్రైవ్ మొత్తాన్నీ పిక్చర్స్ అనుకుని కూర్చుంటుంది విండోస్. అప్పుడు అదే ట్యాబ్‌లోని రీస్టోర్ డిఫాల్ట్ నొక్కినా చాలాసార్లు వెనక్కి రాదు.