మంచి బ్యాక్టీరియా వారి శుభాగమనం

గాల్‌బ్లాడర్ తీయించుకున్న మనిషి, ఏది తిన్నా అరగంటలో పరుగెత్తవలసి వస్తోందని ఎవరికి మొర పెట్టుకున్నా, ఈమధ్య ఒకటే తీర్పు వెలువడుతోంది: "మీ పొట్టలో మంచి బ్యాక్టీరియా తగ్గిందండీ." తీర్పు వెంటే క్యాప్సూళ్ల పట్టీ. ఒక్కోదానిలో 500 కోట్ల సూక్ష్మజీవులున్నాయని అట్టపెట్టె మీద మెరిసే అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. మన ఒంట్లో ఇప్పటికే దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా కాపురముంటున్నదని శాస్త్రజ్ఞుల అంచనా కనుక, ఈ కొత్త రాక సముద్రంలో కాకిరెట్ట. అయినా కోట్లంటే మనవారికి భక్తి.

ఈ భక్తిని కళ్లారా చూడాలంటే పెళ్లి పంక్తికి వెళ్లాలి. "ఆపరేషనైంది కదా, ఇక అన్నీ తినొచ్చన్నారు కదా బావగారూ" అంటూ ఆతిథేయి ముద్దపప్పు మీద నెయ్యి ధార కడతాడు. బావగారి చూపు విస్తరి మీద కాక, హాలు చివరి తలుపు మీద ఉంటుంది. పంక్తి మధ్యలో లేవరాదన్న ఆచారాన్ని పెరుగు రాకముందే మంటగలిపి, ఎంగిలి చేత్తోనే ఆయన ఆ తలుపు వెనక అదృశ్యమవుతాడు. బయట వైద్యసభ మొదలవుతుంది. పొద్దున్నే చద్దన్నం తినమని పెద్దత్తగారు, క్యాప్సూలు రెండుపూటలా వేసుకుంటున్నావా అని బాబాయిగారు తలుపు తట్టి మరీ అడుగుతారు. లోపలి నుంచి వచ్చిన జవాబు మాటల్లో ఉండదు.

నిజానికి ఆ బ్యాక్టీరియా చేసిన పాపమేమిటి? కాలేయం రోజూ అర లీటరుకు పైగానే పైత్యరసం తయారుచేస్తుంది. దాన్ని దాచి, చిక్కబరచి, కొవ్వు తిన్నప్పుడు వదిలే గాల్‌బ్లాడర్ సంచి పోయాక అది వేళాపాళా లేకుండా పేగులోకి కారుతూనే ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం ఆ రసంలోని ఆమ్లాలు చిన్నపేగు చివర ఇంకిపోవలసినంత ఇంకక పెద్దపేగులో పడతాయి. అక్కడి బ్యాక్టీరియా తమ గడప ముందు పడ్డ సరుకును తమకు తెలిసిన పద్ధతిలో డీఆక్సీకోలిక్ వంటి ఆమ్లాలుగా మారుస్తుంది. అవి పెద్దపేగులో నీరు ఊరేలా చేస్తాయి; ఆ పరుగంతా అందుకే. 500 కోట్ల మందిని కొత్తగా దింపినంత మాత్రాన పైనుంచి కారేది ఆగుతుందా?

పైత్యరసపు ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమిన్ అనే పొడి దశాబ్దాలుగా ఉంది. అనుమానం ఉన్నప్పుడు దాన్ని కొన్నాళ్లు ఇచ్చి చూడడం వైద్యులకు తెలియని విద్య కాదు. అయినా చెప్పరు. బస్సెక్కాలంటే వణికి, టిఫిన్ మానేసి ఆఫీసుకు వెళుతూ, నలుగురిలో నోరు విప్పలేక ఏళ్లు గడుపుతున్న మనిషికి "గ్యాసండీ, టెన్షనండీ" అని చెప్పి పంపడం సిగ్గుమాలిన పని. కుట్లు విప్పిన రోజున ఇలా జరగవచ్చని, జరిగితే మళ్లీ రమ్మని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు లేనివారికి క్యాప్సూళ్ల పేరు రాయడానికి మాత్రం తీరిక ఎక్కడినుంచి వస్తోంది?