నవంబర్ 1 దాకానే ఆపద

2020 మార్చిలో కరోనా ముంచుకొచ్చినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం రిటైరైన నర్సులను, డాక్టర్లను మళ్లీ రమ్మని పిలిచింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ మాజీ ఉద్యోగులు 20,000 మంది తిరిగొస్తున్నారని మార్చి 29న ప్రధాని బోరిస్ జాన్సన్ చెప్పారు. మన గుంటూరు, విశాఖల్లో చదివి అక్కడి ఆసుపత్రుల్లో జీవితమంతా పనిచేసిన డాక్టర్లు ఎందరో ఉన్నారు కాబట్టి, ఈ పిలుపు తెలుగు ఇళ్లకూ పరాయిది కాదు.

వచ్చినవాళ్లకు వైరస్ భయంతో పాటు పెన్షన్ టెన్షన్ కూడా ఉండేది. ఎన్‌హెచ్‌ఎస్ పాత పథకంలో 16 గంటల నిబంధన ఒకటుండేది. రిటైరై మళ్లీ చేరినవాళ్లు మొదటి నెలలో వారానికి 16 గంటలకు మించి పనిచేస్తే పెన్షన్ ఆగిపోయేది. ఐసీయూలో మనుషులు చాలక అల్లాడుతున్నప్పుడు 17వ గంటకు ఇంటికి పొమ్మనడం ఏ లెక్క? ఆ మార్చిలోనే కరోనా చట్టంతో ఆ నిబంధనను పక్కన పెట్టారు.

దానికంటే చిక్కు ముడి పన్ను చట్టంలో ఉంది. 2010 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో పెన్షన్ తీసుకునే కనీస వయసు 50 నుంచి 55కు పెరిగింది. అంతకుముందే హక్కున్న కొందరికి పాత వయసునే ఉంచారు. 30 ఏళ్ల సర్వీసు నిండిన పోలీసులు, యాభైకే దిగిపోయే ఫైర్ సిబ్బంది ఈ కోవలోకి వస్తారు. షరతు ఏమిటంటే, రిటైరైన వెంటనే పాత యజమాని దగ్గరే మళ్లీ చేరకూడదు. కనీసం నెల రోజుల విరామం తప్పనిసరి, చాలా సందర్భాల్లో ఆరు నెలలు. ఆ గీత దాటితే పాత వయసు రక్షణ పోతుంది. 55 నిండేలోగా అందుకున్న పెన్షన్ డబ్బు 'అనధికార చెల్లింపు' అయిపోయి, 55 శాతం దాకా పన్ను పడొచ్చు.

ఈ నిబంధనను తిట్టిపోయలేం. ఈ రోజు రిటైరై, ఏకమొత్తం జేబులో వేసుకుని, రేపు అదే కుర్చీలో కూర్చునే వాళ్లను ఆపడానికే పెట్టారు. మన దగ్గరా కేంద్ర ప్రభుత్వం రిటైరైనవాళ్లను మళ్లీ తీసుకుంటే, సాధారణంగా చివరి జీతంలోంచి పెన్షన్ మినహాయించి వేతనం ఖరారు చేస్తుంది. అయితే తిరిగి చేరినందుకు పాత పెన్షన్ మీద సగానికి పైగా పన్ను గుంజే పద్ధతి మనకు లేదు.

2020 జూలైలో వచ్చిన ఫైనాన్స్ చట్టం ఈ ముడినీ విప్పింది. కరోనా పనికోసం మార్చి 1 నుంచి నవంబర్ 1 మధ్య తిరిగి చేరినవాళ్లకు రక్షణ పోదని రాసింది. నాకు మింగుడుపడనిది ఆ రెండో తేదీ. అక్టోబర్ 31న జాన్సన్ ఇంగ్లండ్‌కు రెండో లాక్‌డౌన్ ప్రకటించారు. అది నవంబర్ 5న మొదలైంది. ఆ తర్వాతి జనవరిలో ఆసుపత్రులు మొదటి విడత కంటే ఎక్కువగా కిక్కిరిశాయి. వేసవిలో కూర్చుని చట్టం రాసినవాళ్లకు చలికాలం కనిపించలేదన్నమాట. ఆపద ఉన్నన్నాళ్లు మినహాయింపు అని ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ప్రభుత్వం ఎమర్జెన్సీ ఎత్తేసిన రోజే అదీ ముగిసేది.

గడువుల మీద నడవడం ఎంత ఇబ్బందో 16 గంటల నిబంధన విషయంలో అర్థమైంది. దాని సడలింపును పొడిగిస్తూ పొడిగిస్తూ పోయి, చివరికి 2023 ఏప్రిల్‌లో ఆ నిబంధననే శాశ్వతంగా తీసేశారు. మూడేళ్లు లేకపోయినా ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ పథకానికి కొంప మునగలేదు. ఇంకా సర్వీసులో ఉన్న సీనియర్ డాక్టర్ల సంగతీ ఇంతే. ఎక్కువ షిఫ్టులు చేస్తే పెన్షన్ పన్ను మీద పడుతుందని వాళ్లు అదనపు పని మానేస్తున్నారని ఏళ్లుగా మొత్తుకున్నాక, 2020 మార్చి బడ్జెట్‌లో ఆ పన్ను ఆదాయ పరిమితులను ఒక్కసారిగా 90,000 పౌండ్లు పెంచారు. అప్పటికి వైరస్ గుమ్మంలోకి వచ్చేసింది.