ఓ ప్రళయమా, రేపు రా

కొన్ని దశాబ్దాల కిందట తెలుగు పల్లెల్లో చాలా ఇళ్ల తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ, రేపు రా’ అని రాసి ఉండేది. అర్ధరాత్రి తలుపు తట్టే దయ్యం ఆ రాత చదువుకుని ‘సరే, రేపే వద్దాం’ అని వెళ్లిపోతుందనీ, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకుని మళ్లీ వెనుదిరుగుతుందనీ, ఆ విధంగా ఒక్క బొగ్గుముక్క ఖర్చుతో ఇల్లు ఏడాది పొడుగునా క్షేమంగా ఉంటుందనీ అప్పటి నమ్మకం. చదువుకున్నవాళ్లు దీన్ని మూఢనమ్మకమని వెక్కిరించారు. తొందరపడ్డారనే చెప్పాలి. ఐరోపా సమాఖ్య తన తలుపు మీద 2050 అనీ, చైనా 2060 అనీ, మన దేశం 2070 అనీ రాసుకున్నాక, వాటి పక్కనే పెద్ద కంపెనీల అధిపతులు తమ పదవీ విరమణకు తగినంత ఆవల ఉన్న సంవత్సరాలను ఏరుకుని రాసుకున్నాక, ఈ విద్యకు ‘నెట్ జీరో’ (ఫలానా ఏడాదికల్లా, గాలిలోకి వదిలినంత కర్బన వాయువునూ తిరిగి తీసేస్తామన్న మాట) అన్న గౌరవప్రదమైన పేరు వచ్చింది. దీని మీద హక్కులు అడగాలన్న ఆలోచన మన పల్లెలకు రాకపోవడం ఒక్కటే నాకున్న విచారం.

ఇంతటి కార్యానికి నాయకులను ఎంచుకునే తీరు కూడా మెచ్చుకోదగ్గదే. 2023లో దుబాయ్‌లో జరిగిన 28వ ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుకు అధ్యక్షత వహించిన సుల్తాన్ అల్ జాబెర్, అదే సమయంలో అబుధాబి ప్రభుత్వ చమురు సంస్థకు అధిపతి. కంచే చేను మేస్తోందని కొందరు గొణిగారు గానీ, చేను రుచి కంచెకు తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? ఆయన మస్దార్ అనే సౌర, పవన విద్యుత్ సంస్థకూ అధ్యక్షుడే. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు; రెండు పడవలూ మనవే అయినప్పుడు ఆ సామెత వర్తించదు. మరుసటి ఏడాది సదస్సు బాకూలో జరిగింది. చమురు, సహజవాయువు భగవంతుడిచ్చిన వరమని అజర్‌బైజాన్ అధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్ వేదిక మీదే సెలవిచ్చారు. సదస్సును నడిపిన ముఖ్తార్ బాబాయేవ్ అంతకుముందు ఏళ్ల తరబడి ఆ దేశపు ప్రభుత్వ చమురు సంస్థలో పనిచేసినవారే. దేవుడి ప్రసాదం వద్దంటే పాపం చుట్టుకుంటుందన్న భయం భక్తులకు ఉండటంలో ఆశ్చర్యమేముంది?

అంతర్జాతీయ సహకారమంటే ఏమిటో తెలియాలంటే క్రియాపదాల దగ్గరకు వెళ్లాలి. 2021లో గ్లాస్గోలో బొగ్గు విద్యుత్తును ‘దశలవారీగా తొలగించడం’ అన్న మాటను, చివరి నిమిషాల్లో మన దేశం పట్టుబట్టడంతో ‘దశలవారీగా తగ్గించడం’గా మార్చారు. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ క్షమాపణ చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోయారు. సుమారు రెండు వందల దేశాలు రెండు వారాలపాటు నిద్రలు మానుకుని ఒక్క క్రియాపదాన్ని కదిలించాయంటే, ఇంతటి శ్రద్ధ మన వ్యాకరణ పండితులు కూడా చూపలేదు. 1995లో బెర్లిన్‌లో మొదలైన ఈ సదస్సుల పరంపరలో, బొగ్గు, చమురు, వాయువు లాంటి శిలాజ ఇంధనాలన్నిటి నుంచీ ‘దూరంగా జరుగుదాం’ అనడానికి దుబాయ్ దాకా, అంటే 28 సమావేశాల దాకా ఆగవలసి వచ్చింది. ఈ ‘దూరంగా జరగడం’ తెలుగువారికి కొత్తేమీ కాదు. మన చుట్టం ఎప్పుడూ ‘వెళ్తాను’ అనడు, ‘వెళ్లొస్తాను’ అంటాడు. అని, చెప్పులేసుకుని, గుమ్మంలో నిలబడి, ఓ చెయ్యి తలుపుకానించి గంటసేపు మాట్లాడతాడు. ఈలోగా రెండో కాఫీ వస్తుంది.

వ్యాపార నాయకత్వంలో ఈ గుమ్మం కబుర్లకు బ్రిటన్ చమురు సంస్థ బీపీ చక్కటి ఉదాహరణ. 2000లో ఆ సంస్థ ఆకుపచ్చ, పసుపు రంగుల పువ్వులాంటి గుర్తు పెట్టుకుని, తన పేరులోని రెండక్షరాలకు ‘పెట్రోలియంకు అతీతంగా’ అన్న అర్థం చెప్పింది. 2030 నాటికి చమురు, వాయు ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తామని 2020లో ప్రకటించింది. 2023లో అది 25 శాతమైంది. 2025 ఫిబ్రవరిలో ఆ లక్ష్యాన్నే పక్కనపెట్టి, చమురు, వాయువు మీద పెట్టుబడిని ఏటా సుమారు 1,000 కోట్ల డాలర్లకు పెంచుతామంది. పువ్వు మాత్రం వాడలేదు. బ్యాంకులు మరింత క్రమశిక్షణ చూపాయి. 2021లో నెట్ జీరో కోసం కట్టిన కూటమిలోంచి అమెరికా పెద్ద బ్యాంకులు 2024 డిసెంబరు, 2025 జనవరి నెలల్లో ఒకదాని వెనక ఒకటి బయటికి నడిచాయి. 2025 అక్టోబరులో కూటమే మూతపడింది. దశలవారీ తొలగింపు ఎలా ఉంటుందో ప్రపంచానికి కళ్లకు కట్టినట్టు చూపింది వీరే.

డబ్బు సంగతి చెప్పకపోతే అన్యాయం. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో మాటిచ్చాయి. 2022లో ఆ అంకె చేరామని లెక్క చూపాయి. అందులో పెద్ద వాటా అప్పులే. ఇల్లు తగలబెట్టినవాడు నీళ్ల బిందె వడ్డీకి ఇవ్వడాన్ని సాయమనే పిలవాలి, మర్యాద కోసమైనా. బాకూలో వర్ధమాన దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, 2035 నాటికి 30 వేల కోట్లు తేలింది. తాము మాట్లాడతామని భారత ప్రతినిధులు ముందే కోరినా, వారి వంతు రాకముందే అధ్యక్షుడి సుత్తి పడి తీర్మానం నెగ్గింది. ఆ పత్రం దృష్టిభ్రమ తప్ప మరేమీ కాదని ఆ ప్రతినిధుల్లో ఒకరైన చాందినీ రైనా అన్నారు గానీ, అప్పటికే చప్పట్లు అయిపోయాయి.

మా పక్కింటాయన మేడ మీద సోలార్ పలకలు పెట్టించింది ఈ పత్రాలు చదివి కాదు. కరెంటు బిల్లు పెరిగింది, పలకల ధర పడిపోయింది. ఆ ధర పడటానికి పెద్ద కారణం చైనా ఫ్యాక్టరీలు. ప్రపంచానికి కావలసిన పలకల్లో 80 శాతానికి పైగా అక్కడే తయారవుతాయి. ఇది సహకారంగా పరిణమించే ప్రమాదముందని గ్రహించి, అమెరికా 2024లో చైనా సౌర ఘటాల మీద సుంకాన్ని 50 శాతానికి, విద్యుత్ కార్ల మీద 100 శాతానికి పెంచి పరిస్థితిని అదుపులోకి తెచ్చింది.

చిక్కల్లా ఒక్కటే. పల్లె దయ్యానికి చదువు వచ్చు, ఈ దయ్యానికి రాదు. బెర్లిన్ సదస్సు నాడు గాలిలో 360 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో 360 పాళ్లు) ఉన్న కార్బన్ డయాక్సైడ్ 2024 నాటికి 420 దాటింది. తలుపు మీది రాతను అది చూసినట్టే లేదు.

2025 నవంబరు 20న బ్రెజిల్‌లోని బెలేమ్‌లో, 30వ సదస్సు జరుగుతున్న ప్రాంగణంలోనే నిప్పంటుకుంది. పొగ కనబడగానే మంత్రులు, చమురు ప్రతినిధులు, ఉద్యమకారులు, విలేకరులు అంతా ఒకే దిక్కుకు, ఒకే వేగంతో బయటికి నడిచారు. తొలగడమా తగ్గడమా అని ఎవరూ అడగలేదు, 2050 దాకా గడువు కోరలేదు, ఖర్చు ఎవరిదని తగవు పడలేదు. మంటలు నిమిషాల్లోనే ఆరాయి. అంతా తిరిగి లోపలికి వచ్చి కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత వెలువడ్డ ప్రధాన తీర్మానంలో శిలాజ ఇంధనాలన్న మాటే లేదు.