తాగుబోతు పోస్టుకు అర్హతలు

గ్రూప్-4 ఉద్యోగానికైనా సరే నోటిఫికేషన్‌లో వయసు, చదువు, రిజర్వేషన్ అన్నీ రాస్తారు. తాగుబోతు అనిపించుకోవడానికి ఏమేం ఉండాలో మాత్రం ఇంతవరకు ఎవరూ ప్రకటించలేదు. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆ బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను.

అభ్యర్థి మగవాడై ఉంటే మంచిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మందు ముట్టేవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రలో 23.3 శాతం. ఒకే భాష, అటూ ఇటూ వియ్యాలు, అయినా సరిహద్దు దాటగానే దాహం దాదాపు సగానికి పడిపోతోంది. తెలంగాణలో పెళ్లికైనా చావుకైనా దావత్ ఉండాల్సిందే కాబట్టి కొంత అర్థం చేసుకోవచ్చు. ఆడవాళ్లయితే తెలంగాణలో 6.7, ఆంధ్రలో 0.5 శాతమేనట. సర్వే వాళ్లు ఆ ప్రశ్న అడిగినప్పుడు అత్తగారు ఎక్కడ కూర్చున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

రెండో అర్హత అసలైనది: జేబులో డబ్బు ఉండకూడదు. పదో అంతస్తు బాల్కనీలో రాత్రి ఒంటిగంట దాకా సాగితే దాన్ని 'సిట్టింగ్' అంటారు. అడ్డా మీద కూలీ అదే కొలత తాగితే ఇంటిపేరు మారిపోతుంది. పెద్దమనిషి తూలితే కారు డ్రైవర్ పట్టుకుంటాడు. కూలీ తూలితే పట్టుకునేది రోడ్డే. పొద్దున్నుంచి ఇటుకలు మోసినవాడు ఒళ్లు నొప్పులకు నైంటీ వేసుకుంటే వ్యసనం, టార్గెట్ల టెన్షన్‌కు మేనేజరు ఫుల్ తెరిస్తే రిలాక్సేషన్.

మా ఊళ్లో ఒక కిరాణా కొట్టుంది. ఉప్పు ప్యాకెట్లకూ బట్టల సబ్బులకూ మధ్య ఒక పాత ఫ్రిజ్. పాలు అందులో ఉండవు. వైన్స్ తెరిచేదాకా ఆగలేనివాళ్ల కోసం ఈ బెల్టు షాపు తెల్లారి ఐదింటికే సిద్ధం, సీసాకు ఇరవై రూపాయలు ఎక్కువ. ఒకరోజు పాల కోసం వెళ్తే ఒకాయన నిలబడి ఉన్నాడు, యాభై దాటి ఉండవు. గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణికి సగం చొక్కా మీద పోయింది. కొట్టాయన ఏమీ అనకుండా గ్లాసు అందుకుని ఆయన పెదాలకు ఆనించాడు, పసిపిల్లాడికి పాలు పట్టినట్టు. రెండు గుక్కలు దిగాక చెయ్యి నిలబడింది. అప్పుడు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. మద్యం లేకుండా బతకలేని స్థితికి చేరినవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే నివేదిక చెప్పింది. మిగిలిన 37 మందికి గ్లాసు పట్టేవాడు ఈ కొట్టాయనే.

ఇంత పరిశోధించాక తేలిందేమిటంటే, ఈ పోస్టుకు అందరికంటే అర్హత ఉన్న అభ్యర్థి ఖజానా. డాక్టర్లు చెప్పే లక్షణాలన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. పోయినేడు సరిపోయిన మోతాదు ఈ ఏడు చాలదు. హానికరమని సీసా మీద తనే అచ్చు వేయిస్తుంది, అయినా ఆపదు. మద్య నిషేధానికి రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్నా, 2023లో తెలంగాణలో 2,620 దుకాణాల లాటరీకి లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు తీసుకున్నారు. ఒక్కోదానికి తిరిగిరాని ఫీజు రెండు లక్షలు. చుక్క అమ్మకముందే 2,600 కోట్లు దాటింది.

మానేసే ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో మద్యమే ఆగింది. కానీ ఖజానాకు చేతులు వణికాయి. 1997లో ఎవరో గ్లాసు పెదాలకు ఆనించారు, నిలబడింది.

డీ-అడిక్షన్ సెంటర్లో చేర్పిద్దామని అడిగితే ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు. సంతకం పెట్టాల్సినవాళ్లు లాటరీ డ్రాకు వెళ్లారట, సాయంత్రం రమ్మన్నారు.