ఆ దొంగ ఏం చేశాడని?

"జీవితమంతా దోచుకున్నవాడు చివరి గంటలో ఒక్క మాట అంటే స్వర్గం. పదిమందికి అన్నం పెట్టినవాడు నమ్మలేదని నరకం. ఇదేం లెక్కండీ?" నేను క్రైస్తవుణ్ణని తెలిశాక స్నేహితులు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఇదే. వాళ్ళ మనసులో ఉన్నది యేసు పక్కనే సిలువ మీద వేలాడి, చివరి ఘడియలో ఆయన్ని వేడుకుని స్వర్గం మాట పొందిన దొంగ. వెటకారానికి అడిగేవాళ్ళు తక్కువ, నిజంగానే అర్థంకాక అడుగుతారు. మావాళ్ళ జవాబేమో సగంలో ఆగిపోతుంది: "క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లే రక్షణ." రక్షణ అంటే పాపం నుంచి విడుదలై దేవుడి దగ్గరికి చేరడం.

ఆ జవాబు బైబిల్లో పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక (అంటే లేఖ) రెండో అధ్యాయంలోది. అందులో 8, 9 వచనాలు సండే స్కూల్ పిల్లలకు కూడా కంఠతా వచ్చు. కృపచేతనే, అంటే అర్హత లేకపోయినా దేవుడు చూపే దయవల్లే రక్షణ, అది దేవుని వరం, ఎవరూ గొప్పలు చెప్పుకోవడానికి లేదు. పక్కనే ఉన్న 10వ వచనం అడిగితే పెద్దలు కూడా తడుముకుంటారు. దేవుడు మనల్ని సత్క్రియలు చేయడానికే సృష్టించాడని ఉంది అక్కడ.

క్రియల వల్ల కాదంటాడు పౌలు, క్రియలు లేని విశ్వాసం చచ్చినదే అంటాడు కొత్త నిబంధనలో మరో పత్రిక రాసిన యాకోబు. అందుకే ఇద్దరికీ పడదని కొందరంటారు. ఇద్దరూ సాక్షిగా పిలిచేది మాత్రం యూదుల మూలపురుషుడైన ఒక్క అబ్రాహామునే. పౌలు ఆదికాండం 15వ అధ్యాయం తెరుస్తాడు: అబ్రాహాము నమ్మాడు, దేవుడు దాన్ని అతనికి నీతిగా ఎంచాడు. అప్పటికి సున్నతి ఆచారం లేదు. అది 17వ అధ్యాయంలో, అతని 99వ ఏట. యాకోబు తెరిచేది 22వ అధ్యాయం, కొడుకుని బలిపీఠం మీద పెట్టిన ఘట్టం. పౌలు చూస్తున్నది దేవుడితో అతని బంధం ఎలా మొదలైందని. అది బతికే ఉందా అన్నది యాకోబు ప్రశ్న. ఇద్దరి ఎదుటా ఉన్న జనం కూడా వేరు. ఆచారాలు పాటిస్తున్నాం కాబట్టి దేవుడు మనకు బాకీ అనుకునేవాళ్ళతో ఒకరు వాదిస్తుంటే, కడుపు మాడుతున్నవాడికి "చలి కాచుకో, తృప్తిగా తిను" అని చెప్పి పంపేసేవాళ్ళను ఇంకొకరు నిలదీస్తున్నారు.

1522లో, ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు, విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడవుతాడని పౌలు చెప్పే రోమీయులకు 3:28లో మూలంలో లేని "మాత్రమే" అన్న మాట చేర్చాడు. తమాషా ఏమిటంటే, "విశ్వాసం మాత్రమే" అన్న మాట కొత్త నిబంధన మూలంలో ఉన్నది ఒక్క యాకోబు పత్రికలోనే, అదీ "కాదు" అని చెప్పడానికి. 1547లో కాథలిక్ సంఘ పెద్దల ట్రెంట్ సభ లూథర్ పక్షాన్ని ఖండించింది. అయితే నీతిమంతులుగా తీర్చే ఆ మొదటి కృపను ఎవరూ సంపాదించుకోలేరని అదే సభ చెప్పిన సంగతి చాలామందికి తెలియదు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు (లూథర్ బాట పట్టిన సంఘాలవాళ్ళు) ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు: మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లే దేవుడు చేర్చుకుంటాడు, ఆ కృపే మనల్ని సత్క్రియలకు పిలుస్తుంది. 2006లో మరో ప్రొటెస్టెంటు శాఖ మెథడిస్టులు కూడా కలిశారు. తేడాలన్నీ తీరిపోలేదు గానీ, నాలుగున్నర శతాబ్దాల తగాదాకి అది చిన్న విషయం కాదు.

నా పక్షం చెప్పేస్తాను. మనకు పుణ్యం అన్న మాట ఉంది, దాన్ని "మూటగట్టుకోవడం" అన్న మాటా ఉంది. నేను పెట్టే అన్నం నా రక్షణ ఖాతాలో జమయ్యేదైతే, తినేవాడు నాకు మెట్టు అయిపోతాడు. వాడి ఆకలితో నాకు అవసరం పడుతుంది! ఖాతా ముందే మూసేశారని నమ్మినప్పుడే వాడి ముఖం చూసి వడ్డించగలను. అందుకే క్రియలు రక్షణను కొనలేవన్న మాట సత్క్రియలను చిన్నబుచ్చేది కాదనుకుంటాను. నమ్మాక కూడా వడ్డించాలనిపించకపోతే మాత్రం, నేను నమ్మింది ఏమిటో మళ్ళీ చూసుకోవాలి.

ఇక ఆ దొంగ. చేతులూ కాళ్ళూ కదలవు, మిగిలింది నోరొక్కటే. లూకా సువార్త చూడండి, దానితోనే ఎన్ని పనులు చేశాడో. నిందిస్తున్న తోటి దొంగను మందలించాడు, మాకు పడ్డ శిక్ష న్యాయమే అని ఒప్పుకున్నాడు, అందరూ ఎగతాళి చేస్తున్న మనిషిని నిర్దోషి అన్నాడు. ఆ తర్వాతే, నన్ను జ్ఞాపకం చేసుకో అని అడిగాడు.

అన్నం పెట్టినవాడి సంగతేమిటి? మత్తయి 25వ అధ్యాయంలో తీర్పు రోజున రాజు, నేను ఆకలిగా ఉంటే పెట్టారు అంటే, నీతిమంతులు ఆశ్చర్యపోతారు. నిన్ను ఎప్పుడు చూశాం, ఎప్పుడు పెట్టాం అంటారు. వాళ్ళ దగ్గర లెక్క లేదు. ఎవరు ఏ గుంపులో ఉంటారో తేల్చే పని నాది కాదు కాబట్టి స్నేహితులకు అంతవరకే చెబుతాను. నాకు భయం వేసేది ఆకలిగొన్నవాడికి పెట్టని రెండో గుంపు దగ్గర. వాళ్ళూ ఆయన్ని "ప్రభువా" అనే పిలుస్తారు.